తిట్టని వియ్యంకుడు

కొడుకు పెళ్ళి రోజు పొద్దున్నే వీరాస్వామిగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ముహూర్తం అయ్యేదాకా ఎవరినీ తిట్టకూడదు. అంతే. మామూలు మనుషులకి ఇది పథకంలాగే కనిపించదు. కానీ ధవళేశ్వరం కాలవల ఆఫీసులో సూపరింటెండెంటుగా ఆయన గొంతు ఎంత దూరం వినపడేదో, ఆయన వెళ్ళిన పెళ్ళిళ్ళలో వంటవాడి దగ్గర్నుంచి పురోహితుడి దాకా ఎవరెవరు ఆ గొంతు కింద నలిగారో తెలిసినవాళ్ళు మాత్రం, ఇది బ్యారేజీ గేట్లన్నీ ఒంటిచేత్తో దించుతానన్నంత పెద్ద మాటని ఒప్పుకుంటారు.

ఆయన చెడ్డమనిషేం కాదు. కోపం వచ్చినంత తొందరగానూ పోతుంది. కాకపోతే అది వచ్చిపోయే మధ్యలో జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. అంతకుముందు సామర్లకోటలో శ్యాంబాబుకి ఒక సంబంధం తాంబూలాల దాకా వచ్చింది. విస్తట్లో గారెలు మెత్తబడ్డాయని ఈయన వేసిన కేకకి పిల్ల తండ్రి బెదిరిపోయి, "ఇంత గొంతున్న ఇంట్లో మా పిల్ల బతకలేదండి," అని దణ్ణం పెట్టి పళ్ళేలు వెనక్కి పట్టుకుపోయాడు.

ఇప్పుడు కుదిరింది రామచంద్రపురం సంబంధం. పిల్ల పేరు దుర్గాశ్రీ. రాజమండ్రిలో బి.ఇడి. చదివేటప్పుడు శ్యాంబాబూ ఆ పిల్లా ఒకరినొకరు ఇష్టపడ్డారు. అదృష్టం బాగుండి కులాలూ జాతకాలూ కూడా వాళ్ళ మాట విన్నాయి. లగ్నాలు పెట్టుకున్న రోజున శ్యాంబాబు తండ్రి ముందు నిలబడి, "నాన్నా, ఈసారి కూడా మీరు అరిచి ఇది చెడగొడితే నాకింక పెళ్ళే వద్దు. మీతో మాటలు కూడా వద్దు," అన్నాడు. అంటూనే వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మీసాలొచ్చిన కొడుకు ఏడవడం చూసి వీరాస్వామిగారికి ఆ పూట అన్నం సహించలేదు. ముహూర్తం అయ్యేదాకా అరవనని వాడికి మాటిచ్చారు.

భార్య సంపూర్ణమ్మ అదే అదనుగా ఆయన్ని రాజమండ్రిలో ఒక మేడ మీద జరిగే క్లాసులో చేర్పించింది. రిటైరైన లెక్చరర్ ఉదయభాస్కర్‌గారు అక్కడ సాయంత్రాలు మనసును మచ్చిక చేసుకునే విద్య చెబుతుంటారు.

"కోపమైనా, దిగులైనా, భయమైనా వస్తే తరిమికొట్టకండి," అనేవారాయన. "చుట్టం వచ్చిందనుకోండి. వచ్చావా, సరే కూర్చో అనండి. తర్వాత నిదానంగా ఊపిరి పీల్చి, కాసేపు బిగబట్టి, ఇంకా నిదానంగా వదలండి. ఆ తర్వాత, నేనిక్కడికి ఏ పని మీద వచ్చాను అని మిమ్మల్ని మీరే అడగండి. ఆ పనికి ఏది అవసరమో అది చేయండి."

వీరాస్వామిగారు ఆఫీసు మనిషి కాబట్టి ఆర్డరు వచ్చాక మీమాంసలు పెట్టుకోలేదు. అక్షరాలా పాటించారు. ఇంట్లో ఎంత నిశ్శబ్దం ఏర్పడిందంటే, పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "అన్నయ్యగారికి ఒంట్లో బాగానే ఉందాండీ?" అని అడిగింది. పెళ్ళికి బయల్దేరేముందు సంపూర్ణమ్మ ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పింది. "ఈ క్లాసు సంగతి వియ్యాలవారి దగ్గర ఎత్తకండి. పిచ్చికి వైద్యం చేయించుకుంటున్నారనుకుంటారు." ఆయన దానికీ సరేనన్నారు.

ఇక రామచంద్రపురంలో ఆడపిల్ల తండ్రి బుల్లబ్బాయిగారు తన ఏర్పాట్లలో తానున్నారు. వరి, కొబ్బరి బాగా పండే ఆసామి. వియ్యంకుడి గొంతు గురించి సామర్లకోట కబురు ఆయనకి ఎప్పుడో చేరింది. అందుకని పందిరి, మేళం, వంటలతో పాటు ఇంకో ఏర్పాటు కూడా చేశారు. ఓపిక గల బంధువులిద్దర్ని పిలిచి, "మీరు వేరే పనేం ముట్టుకోవద్దు. విడిది దగ్గర నిలబడి ఆయన తిట్టినప్పుడల్లా ఆయ్, ఆయ్ అంటూ తిట్లు తినండి చాలు," అని అక్కడ కాపలా పెట్టారు.

మగపెళ్ళివారి బస్సు తెల్లవారుతూనే వచ్చింది. విడిది రెండు వీధుల అవతల రైసుమిల్లు వారి మేడలో. కాఫీల బాధ్యత పెళ్ళికూతురి మేనమామ హరిబాబుది. తన గేదెల పాలు తానే పిండించి తెచ్చి, గాడిపొయ్యి దగ్గర తానే నిలబడి కాఫీ కలిపించి, స్టీలు క్యాన్‌లో పోయించి పంపాడు. పొద్దుటి గాలి, రెండు వీధుల దూరం, మధ్యలో మేళం వాళ్ళు ఆపి తాగిన ఆలస్యం కలిసి, వీరాస్వామిగారి చేతికి వచ్చేసరికి కాఫీ మీద మీగడ కట్టింది.

కాఫీ విషయంలో వీరాస్వామిగారిది వేరే మతం. గింజలు తానే వేయించుకుని, తానే మర పట్టుకుని, ఇంట్లో ఫిల్టరు మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వని మనిషి. ఒక్క గుక్క తాగారు. తిట్లు తినడానికి వచ్చిన ఇద్దరూ పంచెలు సర్దుకుని ముందుకు వచ్చి నిలబడ్డారు.

వీరాస్వామిగారు కళ్ళు మూసుకున్నారు. 'వచ్చావా, కూర్చో,' అని లోపల అనుకున్నారు. ఊపిరి పీల్చారు. కాసేపు బిగబట్టి, చాలా సేపు వదిలారు. తర్వాత కళ్ళు తెరిచి, చిరునవ్వు నవ్వి, "ఫర్వాలేదండి," అన్నారు.

ఆ ఇద్దరూ పందిట్లోకి పరుగెత్తుకొచ్చారు.

"బుల్లబ్బాయిగారూ, కొంప మునిగిందండీ. ఆయన తిట్టలేదు."

"తిట్టలేదా? మరేమన్నారు?"

"కళ్ళు మూసుకుని ఇంత పొడుగు నిట్టూర్పు విడిచి, ఫర్వాలేదండి అన్నారు. నవ్వుతూ అన్నారండీ!"

బుల్లబ్బాయిగారు అక్కడున్న కుర్చీలో కూలబడ్డారు. గోదావరి జిల్లాల పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారి అలకలకి ఒక వరస ఉంది. కేకలేసే వియ్యంకుడంటే ఎవరికీ భయం లేదు. కేకలన్నీ వేయనిచ్చి, రెండు చేతులూ పట్టుకుని, ఇంకో కాఫీ ఇస్తే అరగంటలో ఆయనే "మీరేమైనా తిన్నారా బావగారూ?" అని అడుగుతాడు. ముఖం ముడుచుకుని మాట్లాడని వియ్యంకుడు కొంచెం కష్టం. అయినా పెద్దమనుషులు కూర్చుంటే దారికొస్తాడు. నవ్వుతూ "ఫర్వాలేదండి" అన్న వియ్యంకుడి అలక ఎలా తీర్చాలో మాత్రం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. అలాంటివాళ్ళు పీటల మీద కొడుకుని లేపి బస్సెక్కించుకుపోయిన కథలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి.

వెంటనే పొగలు కక్కే కాఫీ వెళ్ళింది. వీరాస్వామిగారికి కాఫీ వద్దు. కానీ వచ్చినదాన్ని కాదనకూడదని కదా పాఠం. తాగారు. "ఫర్వాలేదండి," అన్నారు. ఆ మాట పందిట్లోకి చేరగానే ఉప్మా పెసరట్టు వెళ్ళింది. తిన్నారు. దాని వెనకాల నేతి ఇడ్లీ వెళ్ళింది. అదీ తిన్నారు. కొబ్బరి బొండాలు కొట్టిచ్చారు. టేబుల్ ఫ్యాను వచ్చింది. ఫ్యాను చాలదని పక్కింటి వాళ్ళ ఎయిర్ కూలరు వచ్చింది. అది ఆయన మొహాన నీటి తుంపర్లు కొడుతుంటే కూడా, ఆయన కళ్ళు మూసుకుని ఊపిరి పీలుస్తూ, "ఉన్నదాన్ని ఉన్నట్టే తీసుకుంటానండి. మీరేం కంగారు పడకండి," అన్నారు. కంగారు పడవద్దన్నాడంటే ఇక కంగారు పడాల్సిందేనని పందిట్లో అందరికీ రూఢి అయిపోయింది.

ఆడవాళ్ళ గదిలో సంపూర్ణమ్మకి మాత్రం, ఇంతసేపైనా భర్త గొంతు వినపడనందుకు కడుపు నిండిపోయింది. ఉదయభాస్కర్‌గారికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

బుల్లబ్బాయిగారు ఇక లాభం లేదని అప్పాజీగారిని పంపారు. అప్పాజీగారంటే ఆ ఊళ్ళో అలకలు తీర్చడంలో అందెవేసిన చెయ్యి. ఆయన వెళ్ళి వీరాస్వామిగారి పక్కన కుర్చీ లాక్కుని, మెల్లగా మోకాలి మీద చెయ్యి వేశారు.

"మనసులో ఏముందో పైకి చెప్పెయ్యండి బావగారూ. కడుపులో పెట్టుకోకండి."

ఉన్న భావాన్ని లేదని బుకాయించకూడదని క్లాసులో చెప్పారు. అందుకని వీరాస్వామిగారు నిజమే చెప్పారు. "పొద్దున కోపం వచ్చిందండి. రాలేదని ఎందుకంటాను?"

"ఆయ్."

"వస్తే పొమ్మనలేదు. ఇదుగో, ఇక్కడ కూర్చోబెట్టాను," అని గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"కూర్చోబెట్టారా!"

"దానికెప్పుడు లేవాలనిపిస్తే అప్పుడే లేస్తుంది. నేను మాత్రం ఇక్కడికి ఏ పని మీద వచ్చానో అదొక్కటే తలుచుకుంటున్నాను."

"ఏ పని మీదండీ?" అని అడిగారు అప్పాజీగారు.

అప్పటికే వీరాస్వామిగారు ఊపిరి బిగబట్టి ఉన్నారు. బిగబట్టినప్పుడు మాట్లాడకూడదు. అప్పాజీగారు ఆ బిగిసిన ముఖం కాసేపు చూసి, లేచి, వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చేశారు.

"నా వల్ల కాదు బుల్లబ్బాయ్," అన్నారు పందిట్లోకొచ్చి. "కోపాన్ని గుండెల్లో కూర్చోబెట్టారంట. ఏదో పని మీద వచ్చారంట. ఆ పని ఏంటో చెప్పరంట. నా వయసులో ఇలాంటి అలక చూడలేదు."

బుల్లబ్బాయిగారికి లోపల గౌరీపూజ దగ్గర కూర్చున్న కూతురు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. దిగులంతా ఎవరి మీదో ఒకరి మీద దింపుకోవాలి కదా. ఎదురుగా బావమరిది హరిబాబు కనిపించాడు.

"అంతా నీ వల్లే! మనిషికి వేడివేడిగా ఒక కాఫీ ఇప్పించలేనోడివి, పెత్తనం ఎందుకయ్యా నీకు? నా కూతురి పెళ్ళి ఆగిపోతే ఎవడిది పూచీ?" అని పందిట్లో అందరి ముందూ కడిగేశారు.

హరిబాబు తెల్లవారకముందు లేచినవాడు. అప్పటిదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కొట్టుగది తాళాలు తీసి బల్ల మీద పెట్టి, కండువా దులిపి భుజాన వేసుకుని, వీధిలోకి నడిచి వెళ్ళిపోయాడు. ఎవరూ పట్టించుకోలేదు. పెళ్ళిలో ఇలాంటివి మామూలే.

మగపెళ్ళివారు పందిట్లోకి వచ్చారు. శ్యాంబాబుని పీటల మీద కూర్చోబెట్టి అడ్డుతెర పట్టారు. వీరాస్వామిగారి కుర్చీ ఎదురుగా ఎయిర్ కూలరు కూడా వచ్చి చేరింది. పురోహితుడు తలెత్తి, "అమ్మాయిని తీసుకురండి. మేనమామ ఏడీ?" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తేవలసింది మేనమామ. దుర్గాశ్రీ తల్లి చిట్టెమ్మకి తమ్ముడు ఒక్కడే. ఆ ఒక్కడు కాలవ రేవు మెట్ల మీద కూర్చుని నీళ్ళలోకి చూస్తున్నాడు. ముందు కుర్రాళ్ళు వెళ్ళారు. తర్వాత అప్పాజీగారు వెళ్ళారు. చివరికి చిట్టెమ్మే వెళ్ళి ఏడ్చింది. హరిబాబు కదల్లేదు.

"పోనీ ఇంకెవరైనా మోస్తే?" అని ఎవరో అన్నారు.

"మా తమ్ముడు బతికుండగా నా కూతురి బుట్ట ఇంకొకళ్ళు ముట్టుకుంటారా? పెళ్ళి ఆగినా సరే," అంది చిట్టెమ్మ. ఆ మాటతో ఆ దారీ మూసుకుపోయింది.

హరిబాబు చెప్పి పంపింది ఒక్కటే. "బావ తిట్టాడని కాదు. బావ తిట్లు నాకు కొత్తా? ఆ వియ్యంకుడుగారు నా కాఫీ తాగి, నన్ను పిలిచి ఒక్క మాట తిట్టలేదు. తిట్టడానికి కూడా పనికిరానివాణ్ణా నేను? ఆయనొచ్చి నన్ను తిట్టి పిలిస్తే వస్తాను. లేకపోతే రాను."

బుల్లబ్బాయిగారు పరుగున వచ్చి వీరాస్వామిగారిని పందిరి బయటికి తీసుకెళ్ళి చేతులు జోడించారు. "బావగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. మా బావమరిదిని ఒక్కసారి తిట్టిపెట్టండి."

వీరాస్వామిగారు వదులుతున్న ఊపిరిని సగంలో ఆపారు. "తిట్టడమేంటండీ? నాకెవరి మీదా కోపం లేదే!"

"అలాగనకండి బావగారూ! పొద్దుట్నుంచీ అదే మాటతో మమ్మల్ని చంపేస్తున్నారు," అని బుల్లబ్బాయిగారు భోరుమన్నారు. కాఫీ నుంచి కాలవ దాకా జరిగిందంతా ఏకరువు పెట్టారు.

విన్నాక వీరాస్వామిగారికి చాలా బాధ కలిగింది. జీవితంలో మొట్టమొదటిసారి తాను నోరు మూసుకుంటే ఇన్ని ఘోరాలు జరిగాయి! వెంటనే ఆ బాధని కూర్చోబెట్టారు. ఊపిరి పీల్చి వదిలారు. ఏ పని మీద వచ్చాను? కొడుకు పెళ్ళి పని మీద. ఆ పనికి ఇప్పుడేం అవసరం? ఒక్క తిట్టు. ఇంతే కదా అని పంచె ఎగ్గట్టి కాలవ వైపు నడిచారు. ఊరంతా వెనకాల నడిచింది.

రేవు మెట్ల దగ్గర ఆయన గొంతు సవరించుకున్నారు. కోపం కోసం లోపల వెతికారు. అక్కడ ఏమీ లేదు. పొద్దున కూర్చోబెట్టిన కోపం ఎప్పుడు లేచి వెళ్ళిపోయిందో ఆయనకే తెలియలేదు. క్లాసు నిజంగా పనిచేసింది. ఇన్నాళ్ళూ పిలవకుండా వచ్చిన కోపం, పిలిస్తే రానంటోంది.

"హరిబాబుగారూ," అన్నారు చివరికి. "మీరు పంపిన కాఫీ... కొంచెం చల్లగా... అంటే మరీ అంత కాదనుకోండి..."

హరిబాబు తల తిప్పి చూశాడు. "ఇది తిట్టాండీ? మందుల షాపులో కుర్రాడు మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో చెప్పినట్టుంది. నా మీద అంత అసహ్యమైతే వదిలేయండి."

"అయ్యో, కాదు బాబూ! నువ్వు... మీరు... ఒట్టి బాధ్యత లేని..." వీరాస్వామిగారు తడుముకున్నారు. ఎదురుగా ఉన్న మనిషి వాడిపోయిన మొహం చూస్తుంటే జాలి వస్తోంది తప్ప కోపం రావడం లేదు. పందిరి నుంచి ఎవరో, "ముహూర్తం దాటిపోతోందండోయ్!" అని అరిచారు. పీటల మీద ఒంటరిగా కూర్చున్న కొడుకు కళ్ళ ముందు మెదిలాడు. సామర్లకోట పళ్ళేలు మెదిలాయి. అయినా కోపం రాలేదు. ఆయనకి ఏడుపొచ్చింది.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ సంపూర్ణమ్మ వచ్చింది. భర్త మొహం ఒక్కసారి చూసింది. ఆయనతో కాపురం చేసిన మనిషి కాబట్టి ఎక్కువసేపు చూడక్కర్లేకపోయింది. హరిబాబు వైపు తిరిగి, అందరికీ వినపడేటట్టు చల్లగా చెప్పింది.

"నువ్వేం బాధపడకు తమ్ముడూ. కాఫీ భేషుగ్గా ఉంది. మా ఇంట్లో రోజూ ఈయన కలిపే కాఫీ కంటే ఎంతో బాగుంది. ఆయనకి కాఫీ సంగతి ఏం తెలుసని? పంచదార వేసిన వేణ్ణీళ్ళిచ్చినా తాగుతారు."

వీరాస్వామిగారి చెవులు ముందు ఎర్రబడ్డాయి. తర్వాత మెడ ఎర్రబడింది. ఊపిరి దానంతటదే పొట్ట అడుగుదాకా దిగింది. ఇన్నాళ్ళ సాధనతో ఎన్నడూ లేనంత నిండుగా దిగిన ఆ ఊపిరి కేకై బయటికొచ్చింది.

"ఏంటీ, బాగుందా? దాన్ని కాఫీ అంటారా? ఈ కాలవ నీళ్ళు దానికంటే వేడిగా ఉన్నాయి! మీగడ తీసి పారెయ్యకుండా కాఫీ పంపినవాణ్ణి ఏమనాలి? ఏమయ్యా హరిబాబూ, క్యాన్‌కి ఓ మందపాటి గుడ్డ చుట్టాలని తెలీదటయ్యా నీకు? గేదెలు కాసేవాడివి, పాలు చల్లారతాయని తెలీదా?"

కాలవ అవతలి గట్టు మీద బట్టలుతుకుతున్నవాళ్ళు చేతుల్లో బట్టలు వదిలేశారు. హరిబాబు దిగ్గున లేచి నిలబడ్డాడు. వాడి మొహం వెలిగిపోయింది.

"గుడ్డ చుట్టకుండా పంపుతానాండీ నేను? కొత్త తువ్వాలు చుట్టాను! మీ బస్సులో వాళ్ళే మొహాలు కడుక్కుని తుడుచుకోవడానికి లాక్కున్నారు! పైగా విడిది రెండు వీధులవతల పెట్టిందెవరు? మా బావ! ఆయన్నడగండి!"

"ఇంకెక్కడ పెట్టమన్నావయ్యా?" అని బుల్లబ్బాయిగారు గట్టు మీంచి కేకేశారు, ఆనందబాష్పాలు తుడుచుకుంటూ. "బావగారు తిడుతున్నార్రా! ఇంక భయం లేదు, మేళం వాయించమనండి!"

"అదీ! ఈ మాట పొద్దున్నే అనొచ్చు కదాండీ అన్నయ్యగారూ," అని హరిబాబు వీరాస్వామిగారి చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. దారి పొడుగునా ఇద్దరూ కాఫీ గురించి ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉన్నారు. పందిరి చేరేసరికి వేసవి సెలవుల్లో హరిబాబు గేదెల పాలతో వీరాస్వామిగారు కాఫీ కలిపి చూపించాలన్న ఒప్పందం కూడా కుదిరింది.

పందిట్లో మాత్రం, చెప్పే తీరిక ఎవరికీ లేక ఈ కథేదీ తెలియని ఒకే ఒక్క మనిషి పీటల మీద కూర్చుని ఉన్నాడు. సన్నాయిని దాటి వినిపించిన ఆ గొంతుని శ్యాంబాబు ఎక్కడున్నా పోల్చుకోగలడు. బాసికం కింద వాడి మొహం పాలిపోయింది. అయిపోయింది, ఇదీ అయిపోయింది అనుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేసరికి అడ్డుతెర అవతల బుట్ట దిగిన చప్పుడు, దుర్గాశ్రీ గాజుల చప్పుడు, హరిబాబు ఆయాసపడుతూ నవ్వుతున్న నవ్వు వినిపించాయి. వాడికేం అర్థం కాలేదు. పురోహితుడు జీలకర్రా బెల్లం చేతిలో పెడితే, అలాగే తెర మీంచి దుర్గాశ్రీ తల మీద పెట్టాడు.

తలంబ్రాలయ్యాక అక్షింతలు వేయడానికి వంగిన తండ్రి చెవిలో శ్యాంబాబు గుసగుసగా అడిగాడు.

"మాటిచ్చారు కదా నాన్నా. ఎందుకరిచారు?"

వీరాస్వామిగారు కొడుకు తల మీద చెయ్యి అలాగే ఉంచి, "నీ పెళ్ళి జరగాలనిరా," అన్నారు.

అది నిజమని ఆ రోజు కాలవ గట్టు మీదున్న ఎవర్నడిగినా సాక్ష్యం చెబుతారు. ఇద్దరు పిల్లల తండ్రైన శ్యాంబాబు మాత్రం ఇవాల్టికీ నమ్మడు.